బట్టమేక పిట్ట కోసం ఎడారిలో నాలుగు రోజులు

పిట్టల్ని చూడ్డానికి ఎడారికి వెళ్ళేవాళ్ళు కూడా ఉంటారా అని మీకు అనిపించవచ్చు. రాజస్థాన్ అంటే కోటలు, ఒంటెలు, అద్దాల లంగాలు, ఇంతేకదా మనకి తెలిసింది. కొల్లేరు, పులికాట్ లాంటి నీళ్ళున్న చోటే పిట్టలుంటాయని నేనూ అనుకునేదాన్ని. ఏడాదికి రెండువందల మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని జైసల్మేర్ లాంటి చోట ఏముంటాయి, మహా అయితే కాకులుంటాయేమో అనుకున్నాను.

మా అమ్మాయి డిగ్రీలో జువాలజీ చదువుతోంది. దానికి పిట్టల పిచ్చి. మావారికి ఎల్టీసీ మిగిలి ఉంటే కాశీకి వెళ్దామని నేను, గోవా అని ఆయన, జైసల్మేర్ అని అది. చివరికి దాని మాటే నెగ్గింది. జనవరిలో జోధ్‌పూర్ దిగి, అక్కడినుంచి కారు మాట్లాడుకుని ఫలోదీ, జైసల్మేర్ తిరిగి నాలుగు రోజుల్లో వెనక్కి వచ్చాం. కోటలు చూసింది తక్కువ. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, కోటల కబుర్లు కావాలనుకునేవాళ్ళకి ఇందులో ఏమీ దొరకదు.

జొన్నగింజల కోసం మంగోలియా నుంచి

జోధ్‌పూర్ నుంచి ఫలోదీ 140 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దాని పక్కనే ఖీచన్ అనే ఊరు. రాత్రి ఫలోదీలో పడుకుని తెల్లారేసరికి ఖీచన్ చేరాం. ఎడారి అంటే వేడి అనుకుంటామా, ఆ చలికి నా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. పిట్టలకి గింజలు వేసే ఆవరణ పక్కనే ఒక ఇంటి మేడ ఉంది. అక్కడికెక్కి కూర్చోమన్నారు.

పొద్దు పొడిచేవేళకి ఆకాశంలో సన్నటి గీతలు కనిపించాయి. కాసేపటికి అవి దండలయ్యాయి. ఆ తర్వాత చెవులు గింగుర్లెత్తేలా ఒకటే అరుపులు. అవే కుర్జలు. ఇంగ్లీషులో డెమాయిజెల్ క్రేన్ అంటారు. డెమాయిజెల్ అంటే ఫ్రెంచి భాషలో పెళ్ళికాని ఆడపిల్ల అని అర్థమట. పేరు పెట్టినవాళ్ళెవరో గానీ సరిగ్గా పెట్టారు. బూడిదరంగు ఒళ్ళు, నల్లటి మెడ, ఎర్రటి కళ్ళు, కంటి వెనకనుంచి జడకుచ్చులా వేళ్ళాడే తెల్లటి ఈకలు. నడకలో కూడా ఒక ఒయ్యారం! కొంగల్లా కనిపిస్తాయి గానీ కొంగలు కావు, క్రేన్ జాతి వేరే, వాటన్నిటిలోకీ ఇదే చిన్నది అని మా అమ్మాయి పాఠం చెప్పింది.

ఇవి మంగోలియా, మధ్య ఆసియా వైపునుంచి హిమాలయాలు దాటి వస్తాయి. ఆగస్టు ఆఖర్లోనో సెప్టెంబరులోనో మొదటి గుంపు దిగుతుంది. మార్చిలో వెళ్ళిపోతాయి. ఇంత దూరం వచ్చి ఈ ఊరే ఎందుకు ఎంచుకున్నాయంటే దానికో కథ ఉంది. 1970లలో రతన్‌లాల్ మాలూ అనే ఆయన రోజూ పావురాలకి గింజలు వేసేవారట. ఒకరోజు వాటితోపాటు ఓ డజను కుర్జలు కూడా వచ్చి వాలాయి. ఆయన మానలేదు, అవీ మానలేదు. మర్నాటి ఏడు ఇంకా ఎక్కువ వచ్చాయి. కుక్కలు మీద పడుతున్నాయని ఊరివాళ్ళు ఒక స్థలం చూసి చుట్టూ కంచె కట్టారు. దాన్ని చుగ్గా ఘర్ అంటారు, గింజల ఇల్లు అన్నమాట. ఇప్పుడు వేలకొద్దీ వస్తాయి. రోజూ క్వింటాళ్ళ కొద్దీ జొన్నలు కావాలి. వ్యాపారాలకని దూరప్రాంతాలకి వెళ్ళి స్థిరపడ్డ ఖీచన్ జైన కుటుంబాలవాళ్ళు డబ్బు పంపుతారు. ఇక్కడి చెరువుల్ని 2025 జూన్‌లో రామ్‌సర్ జాబితాలో కూడా చేర్చారు. ప్రపంచంలో ముఖ్యమైన నీటి తావులకి ఇచ్చే గుర్తింపు అది.

నాకు బాగా నచ్చింది వాటి క్రమశిక్షణ. అన్నీ ఒక్కసారి లోపలికి ఎగబడవు. బయట ఇసుక దిబ్బలమీద గుంపుగా దిగుతాయి. కాసేపు మెడలెత్తి చూస్తాయి. ఒక జట్టు లేచి కంచె లోపల దిగుతుంది, అది తిని లేచాక ఇంకో జట్టు. మన పెళ్ళిళ్ళలో బంతికి లేచే జనం వీటి దగ్గర నేర్చుకోవాలి! తిన్నాక చెరువుల దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగి, చిన్న చిన్న రాళ్ళు మింగుతాయి. పళ్ళు లేవుగా, ఆ రాళ్ళే లోపల గింజల్ని నూరుతాయి. రోలూ రోకలీ పొట్టలోనే పెట్టుకున్నాయన్నమాట.

మేడ ఇంటావిడ చాయ్ ఇచ్చింది. నాకొచ్చిన హిందీ, ఆవిడ మార్వాడీ కలిపి ఎలాగో మాట్లాడుకున్నాం. కుర్జ మీద ఇక్కడ పాటలున్నాయి. దూరదేశం వెళ్ళిన మొగుడికి నా కబురు చెప్పవూ అని ఇల్లాలు ఈ పిట్టని బతిమాలుతుంది. మన దమయంతి హంసతో పంపిన రాయబారంలాంటిదే. ఆవిడ రెండు చరణాలు పాడింది కూడా. కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడట. పాడుతూ కొంగుతో కళ్ళు వత్తుకుంది. ఇంక నేను ఏమీ అడగలేదు.

మా తండ్రీకూతుళ్ళకి మాత్రం మేడమీదే వాదన మొదలైంది. ఇలా గింజలు పోసి అలవాటు చేస్తే అన్నీ ఒకేచోట కిక్కిరిసి, ఒకదానికి జబ్బు చేస్తే అన్నిటికీ అంటుకోదా అని అమ్మాయి. ఆకలితో వచ్చినదానికి ఇంత పెట్టడం తప్పా అని ఆయన. అది చెప్పినదాంట్లో నిజం ఉంది. అయినా అరవయ్యేళ్ళ ముసలాయన బస్తా భుజానికెత్తుకుని నేలంతా జొన్నలు చల్లుతుంటే వద్దని చెప్పడానికి నాకైతే నోరు రాదు.

ఎడారిలో మన జమ్మి

ఫలోదీ నుంచి జైసల్మేర్ దారి పొడుగునా ఇసుక, తుప్పలు, అక్కడక్కడా ఒంటరిగా ఒక చెట్టు. నేను దాన్ని ఎక్కడో చూశాననుకుంటూనే ఉన్నాను. కారు ఆపించి దగ్గరికెళ్తే జమ్మిచెట్టు! దసరానాడు మనం చుట్టూ తిరిగి ఆకు తెంపుకుని పెద్దవాళ్ళ చేతిలో పెట్టే జమ్మి. వాళ్ళు ఖేజ్‌డీ అంటారు. తెలంగాణకీ ఇదే రాష్ట్ర వృక్షం, రాజస్థాన్‌కీ ఇదే. వేళ్ళు చాలా లోతుకి పోయి నీళ్ళు వెతుక్కుంటాయి కాబట్టి చుట్టూ అన్నీ ఎండినా ఇది పచ్చగా ఉంటుంది. ఆకు మేకలకీ ఒంటెలకీ మేత. కాయ మనుషులకి కూర. కరువుల్లో బెరడు దంచి పిండి చేసుకుని తిన్నారట.

1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ అనే ఊళ్ళో రాజుగారి కోట పనికని ఈ చెట్లు కొట్టడానికి మనుషులొస్తే అమృతాదేవి అనే బిష్ణోయీ ఇల్లాలు చెట్టుని కావలించుకుని ప్రాణం వదిలింది. ఆవిడ కూతుళ్ళూ పోయారు. మొత్తం 363 మంది. వాళ్ళ చేలల్లో చింకారా జింకలు మన ఊళ్ళో మేకల్లా తిరుగుతుంటే చూశాం. మనిషిని చూసి పరిగెత్తవు.

మధ్యాహ్నం దారిలో ఒక ఇంట్లో భోజనం. మా డ్రైవరు చుట్టాలే. సజ్జ రొట్టె, పైన ఇంత నెయ్యి, వెల్లుల్లి పచ్చడి, గట్టి మజ్జిగ, కేర్ సాంగ్రీ కూర. సాంగ్రీ అంటే ఆ జమ్మికాయలే. గోరుచిక్కుడు ఎండబెట్టినట్టు సన్నగా నల్లగా ఉంటాయి. కేర్ అంటే ఒక ముళ్ళపొదకి కాసే మిరియం కంటే కాస్త పెద్ద కాయ. కూర రుచి మొదట వింతగా ఉండి, మూడో ముద్దకి వదలబుద్ధి కాలేదు. ఎలా చేయాలో ఆ కోడలిపిల్లని అడిగి రాసుకున్నాను, ఆఖర్న చెప్తాను.

పొట్ట ఈకల్లో నీళ్ళు

జైసల్మేర్ నుంచి జీపులో గంటకిపైగా పోతే సుదాసరీ అనే చోటు వస్తుంది. డెజర్ట్ నేషనల్ పార్క్‌లో ఇదొక భాగం. పార్క్ మొత్తం 3,162 చదరపు కిలోమీటర్లు. పార్క్ అనగానే చెట్లు, గేటు, ఐస్‌క్రీం బండి ఊహించుకోకండి. కనుచూపు మేర సేవణ్ గడ్డి, ఇసుక, ఆకాశం. మధ్యలో ఊళ్ళున్నాయి, ఆవులున్నాయి. అటవీశాఖ అనుమతి చీటీ తీసుకుని లోపలికి వెళ్ళాలి.

మొదటి గంట నాకేమీ కనబడలేదు. గైడు "అదిగో" అంటాడు, అమ్మాయి "అవును" అంటుంది, నాకు ఇసుకే. ఇక్కడి పిట్టలన్నీ ఇసుక రంగు వేసుకుని పుడతాయి. కళ్ళు అలవాటు పడ్డాక ఒక్కొక్కటే బయటపడ్డాయి. చెవి దగ్గర తెల్లమచ్చ ఉన్న పికిలిపిట్ట. తోక ఆడిస్తూ రాతిమీంచి రాతిమీదికి గెంతే వీటియర్. గబగబా పరిగెత్తి టక్కున ఆగిపోయే కోర్సర్, చీర సవరించుకుంటూ బస్సుకోసం పరిగెత్తే మనిషిలా. చచ్చిన ఆవు దగ్గర రాబందులు కనిపించాయి. మనవైపు రాబందు కనిపించక ఎన్నేళ్ళయిందో! పశువులకి వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు వల్ల అవి కుప్పలుగా చచ్చిపోయాయి. 2006లో పశువులకి ఆ మందు వాడకుండా నిషేధించారు.

వీటన్నిటిలో నా మనసు దోచుకుంది శాండ్‌గ్రౌజ్. చూడ్డానికి పావురంలా ఉంటుంది. ఎండు గింజలే తింటుంది కాబట్టి నీళ్ళు లేకపోతే బతకదు. పెద్దవి ఎగిరి నీటిగుంటకి పోతాయి సరే, ఎగరలేని పిల్లల గతేమిటి? మగపిట్ట మైళ్ళ దూరం ఎగిరి నీటిలో పొట్ట ముంచి కూర్చుంటుంది. దాని పొట్టమీది ఈకలు స్పంజిలా నీళ్ళు పీల్చుకుంటాయి. అలాగే ఎగిరొచ్చి నిలబడితే పిల్లలు ఆ ఈకలు చీకి దాహం తీర్చుకుంటాయి. తల్లికాదండీ, తండ్రి! నేను మావారివైపు చూశాను. ఆయన బైనాక్యులర్స్ సర్దుకుంటున్నట్టు అటు తిరిగారు.

బట్టమేక పిట్ట

మేం అసలు వెళ్ళింది దీనికోసం. ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్, అక్కడ గోడావణ్, మన కర్నూలు వైపు బట్టమేక పిట్ట. దాదాపు మీటరు ఎత్తు ఉంటుంది. మగదైతే 15 కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగే పక్షుల్లో ఇంత బరువైనవి చాలా తక్కువ. నెమలిని 1963లో జాతీయ పక్షిగా ప్రకటించారు గానీ, సలీం అలీ గారు ఆ గౌరవం దీనికి ఇవ్వమన్నారు. ఇప్పుడు దేశం మొత్తంమీద సుమారు 150 మిగిలి ఉంటాయని అంచనా. దాదాపు అన్నీ ఈ జైసల్మేర్ చుట్టుపక్కలే.

మా అత్తగారి పుట్టిల్లు నందికొట్కూరు దగ్గర. బయల్దేరేముందు పుస్తకంలో బొమ్మ చూపిస్తే, "ఇదేందే, మా జొన్నచేన్ల తిరుగుతా ఉండె పిట్ట. మా నాయనెంబడి పోతే దినామూ కనపడుతుండె. దీన్ని చూసేకి అంత దూరం పోవల్లనా?" అన్నారు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆ పక్కనే ఉన్న రోళ్ళపాడులో 1988లో దీనికోసమే 614 హెక్టార్ల అభయారణ్యం పెట్టారు. అప్పట్లో దేశం నలుమూలలనుంచీ దీన్ని చూడ్డానికి అక్కడికి వచ్చేవారు. ఇప్పుడక్కడ కృష్ణజింకలు గంతులేస్తుంటాయి గానీ బట్టమేక కనపడడం గగనమైపోయింది. చుట్టూ ఉన్న గడ్డిబీళ్ళు చేలయ్యాయి, కాలవలొచ్చాయి, పంటలు మారాయి. అత్తగారు పొలం గట్టుమీంచి చూసినదాన్ని చూడ్డానికి ఆవిడ మనవరాలు రెండు రాత్రులు రైల్లో ప్రయాణం చేయాల్సి వచ్చింది.

మొదటి రోజు కనిపించలేదు. రెండో రోజు పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో గైడు జీపు ఆపి నోటిమీద వేలు పెట్టాడు. చాలా దూరంలో గడ్డి మధ్య తెల్లటి మెడ ఒకటి నిటారుగా నిలబడి ఉంది. నెత్తిమీద నల్లటి టోపీ, గోధుమరంగు వీపు. ఆడది అన్నాడు. అది మమ్మల్ని చూసింది. తొందర పడలేదు. నాలుగడుగులు వేసి, వంగి ఏదో ఏరుకుని, మళ్ళీ మెడెత్తి చూసి, మెల్లిగా నడుచుకుంటూ పోయింది. పెద్దింటి ముత్తైదువ పేరంటానికి నడిచివెళ్తున్నట్టు ఉంది. పదినిమిషాలు ఉందేమో. మా అమ్మాయి ఫోటో తీయడం కూడా మర్చిపోయింది.

బైనాక్యులర్స్ కాస్త పైకెత్తితే దాని వెనకాల, దూరంగా, గాలిమరలు. వాటినుంచి కరెంటు తీగలు.

ఆ తీగలే దీనికి యముడు. ఈ పిట్టకి కళ్ళు తలకి పక్కల ఉంటాయి. చుట్టూ కనిపిస్తుంది గానీ ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్నది సరిగా ఆనదు. తీగ దగ్గరికొచ్చాక కనిపించినా అంత బరువు శరీరాన్ని చటుక్కున పక్కకి తిప్పుకోలేదు. తగిలి పడిపోతుంది. మామూలు పిట్టలైతే ఒకటి పోతే నాలుగు పుడతాయి. ఇది ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ గూడు లేకుండా వట్టి నేలమీద. కుక్కా నక్కా తినేయగా, పశువులు తొక్కేయగా మిగిలిందే పిల్ల.

2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇవి తిరిగేచోట్ల తీగలు భూమిలో వేయాలని, వీలుకాని చోట పిట్టలకి కనబడేలా తీగలకి బిళ్ళలు తగిలించాలని చెప్పింది. సోలారు, గాలిమరల కరెంటు కూడా దేశానికి అవసరమేనని, అంత మేర తీగలు పాతడం కష్టమని ప్రభుత్వం చెప్పుకుంది. 2024 మార్చిలో కోర్టు ఆ ఉత్తర్వు సడలించి నిపుణుల కమిటీ వేసింది. బొగ్గు కాల్చని కరెంటు కావాలి, నిజమే. మా ఇంటిమీద కూడా సోలారు పలకలున్నాయి, బిల్లు తగ్గిందని సంతోషించినదాన్నే. కానీ ఆ తొమ్మిదిన్నరవేళ ఆ మెడ, దాని వెనక ఆ తీగ ఒకే చూపులో చూశాక, ఖర్చవుతుందనే మాట నాకు చిన్నదిగానే కనిపిస్తోంది. మిగిలింది 150. మా వీధిలో జనం అంతకంటే ఎక్కువ.

ఊరికే ఏడుస్తూ కూర్చోలేదు లెండి. 2019నుంచి సమ్ అనే ఊళ్ళో, ఆ తర్వాత రామ్‌దేవ్‌రాలో వీటిని పెంచే కేంద్రాలు నడుపుతున్నారు. బయట పెట్టిన గుడ్డుని జాగ్రత్తగా తెచ్చి యంత్రంలో పొదిగిస్తారు. మొదటి గుడ్డు పోతే తల్లి మళ్ళీ పెట్టే అవకాశం ఉందట, అదొక ఊరట. పిల్లలకి చేత్తో తినిపిస్తారు. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణ పద్ధతిలో ఒక పిల్ల పుట్టింది, ఈ జాతిలో అదే మొదటిసారి. కేంద్రం లోపలికి మనల్ని పోనివ్వరు. పోనివ్వకపోవడమే మంచిది. పెరిగిన పిల్లల్ని రేపు బయట వదలాలంటే గడ్డి ఉండాలి, తీగలు ఉండకూడదు. అందుకే అక్కడి పల్లెలవాళ్ళు ఓరణ్ భూములు కాపాడుకోవాలని పట్టుబడుతున్నారు. ఓరణ్ అంటే అమ్మవారి పేరనో దేవుడి పేరనో వదిలేసిన బీడు. అందులో కొమ్మ కూడా విరవరు. పశువులు మేయొచ్చు, పిట్టలు ఉండొచ్చు.

తిరిగొచ్చాక అత్తగారికి అంతా చెప్పాం. ఆవిడ అడిగింది ఒకటే: "ఒగటే కనపడెనా? మగది లేదా దానికి?"

వెళ్ళాలనుకునేవాళ్ళకి

నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళ్ళండి. పగలు ఎండ హాయిగా ఉంటుంది గానీ తెల్లవారుజామున స్వెట్టరు, మఫ్లరు, సాక్సులు లేకపోతే కష్టం. ఎర్రచీర, మెరుపుచీర వద్దు, మట్టిరంగు చుడీదార్ మేలు. గడ్డి ముళ్ళు గుచ్చుకుంటాయి కాబట్టి బూట్లు వేసుకోండి. బైనాక్యులర్స్ 8 ఇంటూ 42 రకం అయితే మనలాంటివాళ్ళకి చేతిలో కదలకుండా నిలుస్తుంది.

ఎవరూ రాయని సంగతి ఒకటి చెప్తాను. లోపలికి వెళ్ళాక ఆడవాళ్ళకి బాత్‌రూం దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. హోటల్లో చూసుకునే బయల్దేరండి. అలాగని నీళ్ళు తాగడం మానేస్తే తలనొప్పి ఖాయం, కొంచెం కొంచెం తాగుతుండండి. తినడానికి పులిహోర, చేగోడీలు తీసుకెళ్ళాం, రెండు పూటలకి సరిపోయాయి. కవర్లు, సీసాలు తిరిగి తెచ్చేయాలి. ఇంకొంచెం దగ్గరికి పోనీయవయ్యా అని జీపు డ్రైవర్ని మాత్రం అడక్కండి. డబ్బుకి ఆశపడి పోనిస్తారు, పిట్ట లేచి ఎగురుతుంది, ఎగిరితే ఏమవుతుందో పైన చెప్పానుగా.

కేర్ సాంగ్రీ కూర

ఎండు సాంగ్రీ, కేర్ జోధ్‌పూర్ బజార్లో దొరుకుతాయి. మన ఊళ్ళలో మార్వాడీ దుకాణాల్లో అడిగి చూడండి. ఒక కప్పు సాంగ్రీకి పావు కప్పు కేర్ చాలు. రెంటినీ మూడు నాలుగుసార్లు కడిగి, విడివిడిగా రాత్రంతా నానబెట్టాలి. కేర్‌ని మజ్జిగలో నానబెడితే చేదు విరుగుతుంది. పొద్దున ఆ నీళ్ళు పారబోసి, మెత్తబడేదాకా ఉడికించి వార్చాలి. మూకుట్లో ఆవనూనె బాగా కాగనిచ్చి (మన ఇళ్ళలో ఆ వాసన పడకపోతే వేరుశనగ నూనె) జీలకర్ర, వాము, ఇంగువ, నాలుగు ఎండుమిరపకాయలు వేయించి, ఉడికినవి వేసి, పసుపు, కారం, ధనియాలపొడి, ఉప్పు వేయాలి. గుప్పెడు కిస్మిస్ వేస్తే పులుపుకీ కారానికీ మధ్య తియ్యగా తగులుతుంది. చివర్లో ఆమ్‌చూర్ ఒక చెంచా. ఆమ్‌చూర్ లేకపోతే మన మామిడి ఒరుగులు నాలుగు పొడి చేసుకున్నా బాగుంటుంది, నేను అలాగే చేశాను. నీళ్ళు తగలకుండా, నూనె పైకి తేలేదాకా సన్నసెగమీద మగ్గనిస్తే ఈ చలికాలంలో రెండు మూడు రోజులు నిలవుంటుంది. సజ్జ రొట్టెలోకి, జొన్న రొట్టెలోకి బాగుంటుంది. అన్నంలోకి అంత కుదరలేదు.